టిల్లీని పాతిన చోటు

ఆ శనివారం పొద్దున మబ్బు తూర్పు కొండ నడుం దాకా దిగి కూర్చుంది. పడేది వానా కాదు, మంచూ కాదు. సన్నగా ఏదో రాలుతోంది, కోటు చేతుల మీద పడి కాసేపు ఆగి కరుగుతోంది. పడమటి దిక్కున మాత్రం తలుపు కింది సందులోంచి వచ్చినట్టు ఒక చారెడు వెలుతురు. ఆరిన్ టటిల్ వరండా మెట్టు మీద నిలబడి ఆ వెలుతురునే చూస్తున్నాడు. గాలి ఉత్తరానికి తిరిగితే ఆ సందు మూసుకుపోతుంది. అది మూసుకుపోయిన వారానికి నేల గడ్డకడుతుంది.

నేల గడ్డకడితే పునాది పడదు. పునాది పడకపోతే గది లేదు. గది లేకపోతే లిడియా చలికాలమంతా ఇంటికి రాదు. కొన్ని నెలలుగా ఆయన బుర్రలో తిరుగుతున్నది ఇదే.

వేసవి మొదట్లో లిడియాకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట చాలావరకు పోయింది. కౌంటీ పట్నంలో, ఇలాంటివాళ్లను ఉంచుకుని చూసే ఇంట్లో కిటికీ పక్కన మంచం ఇచ్చారు. ఇంటికి తీసుకుపోవచ్చు గానీ పడకా, స్నానాల గదీ కింది అంతస్తులోనే ఉండాలి అన్నాడు డాక్టరు. టటిల్ ఇల్లు లిడియా తాత కట్టింది. కింద వంటిల్లు, పొయ్యి ఉన్న చిన్న గది. పడకలు పైన. మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉంటాయి.

ముందు రోడ్డు, పడమట బండి దారి పోగా, గది వేయడానికి తూర్పు పక్క జాగా ఉంది. అయితే ఆ పక్కే కాజిమిర్ బోరెక్ హద్దు; ఊరందరికీ కాజ్. ఏ గోడైనా పక్కవాడి హద్దుకు పాతిక అడుగుల దూరంలో ఉండాలని ఊరి నిబంధన. ఈ గది కడితే పదకొండు అడుగులే మిగులుతాయి. అంతకు తగ్గాలంటే ఊరి అప్పీళ్ల బోర్డు మినహాయింపు ఇవ్వాలి. బోర్డులో ముగ్గురు. ముగ్గురూ సరే అనాలి. ఒక్కరు కాదన్నా అక్కడితో సరి.

కిందటి నెల విచారణలో ఆరిన్ లేచి నిలబడి లిడియా గురించి చాలాసేపు మాట్లాడాడు. చర్చి మెట్ల మీద వరసగా నాలుగు మాటలు అనని మనిషి, ఆమె పడిపోయిన పొద్దు ఎలా ఉందో, స్పూను ఎడమ చేత్తో ఎలా పట్టుకుంటోందో అంతా చెప్పాడు. బోర్డుకు ఛైర్‌గా అధ్యక్షత వహించే హెస్టర్ కాబ్ తల ఎత్తకుండా విన్నది. అయిపోయాక ముందున్న పుస్తకంలోంచి చదివింది.

"మిస్టర్ టటిల్, కష్టం నేలకుండాలి. మనిషికి కాదు."

చట్టం అదే. వాలో, బురదో, వంకర ఆకారమో, ఆ నేలలోనే ఏదో అడ్డం ఉంటేనే మినహాయింపు. ఇంటాయన జబ్బులూ కష్టాలూ లెక్కలోకి రావు. మనుషులు పోతారు, గోడ ఉండిపోతుంది, అందుకని. హెస్టర్, లిడియా చిన్నప్పుడు బళ్లో ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్లు. బయట హెస్టర్ ఆయన్ను "ఆరిన్" అనే పిలుస్తుంది. ఆ బల్ల వెనక కూర్చుంటే మాత్రం "మిస్టర్ టటిల్".

ఆ రోజు కాజ్ బోరెక్ కూడా వచ్చాడు. చివరి వరసలో, టోపీ మోకాలి మీద పెట్టుకుని, మొదటి నుంచీ చివరి దాకా నోరు తెరవకుండా కూర్చున్నాడు. హద్దు పక్కవాడి అభ్యంతరం అంటే బోర్డు దగ్గర చిన్న సంగతి కాదు. ఆ టోపీ తలుచుకుని ఆరిన్ నిద్రపోని రాత్రులున్నాయి.

స్థలం చూశాకే తేలుస్తామని విచారణ వాయిదా వేసిన బోర్డు వాళ్లు ఈ శనివారం మూడు కార్లలో వచ్చారు. స్థలం చూడ్డానికి వచ్చినప్పుడు తమలో తాము మాట్లాడుకోకూడదని కట్టుబాటు. ఏం మాట్లాడినా ఊరి ముందు, విచారణలోనే. అందుకని ముగ్గురూ ఎడంగా, శవం వెంట నడిచేవాళ్లలా నడిచారు. ముందు హెస్టర్, మోకాలి దాకా రబ్బరు బూట్లు. వెనక అల్సీడ్ బెన్వా, ట్రాక్టర్లు బాగుచేసే మెకానిక్, చేతులు జేబుల్లో. చివర పెల్. ఆయన నగరంలో ఇంజనీరుగా చేసి రిటైరై ఇక్కడ ఇల్లు కొనుక్కున్నాడు. వచ్చి పదేళ్లు దాటినా ఊరికి ఇంకా కొత్తే. ఆయన చేతిలో కొలత టేపు.

నారింజ రంగు రిబ్బను కట్టిన మేకులు నాలుగు ఆరిన్ ముందే పాతి ఉంచాడు. వాటిని చూశారు. పెల్ హద్దు దాకా కొలిచాడు. తర్వాత ఇంటి వెనక్కి నడిచాడు. అక్కడ పచ్చిక, చదునుగా, రాతి గోడ దాకా. రెండు గదులకు సరిపోయే జాగా. పెల్ చాలాసేపు చూశాడు.

"మేడమ్ ఛైర్, ఆయన్ని ఒక ప్రశ్న అడగొచ్చా?"

"అడగండి. వాదన మాత్రం వద్దు."

"ఇక్కడెందుకు కట్టకూడదు మిస్టర్ టటిల్? ఇక్కడైతే ఏ హద్దూ అడ్డం రాదు."

ఆరిన్ వంటింటి కిటికీ కిందికి చూశాడు. కోసేసిన కాడల మొదళ్లు కనిపిస్తున్నాయి.

"అవి లిడియా పియోనీ పూలమొక్కలు. వాళ్లమ్మ వేసింది."

పెల్ తలూపాడు. టేపు టప్‌మని డబ్బీలోకి పోయింది. హెస్టర్ మొహం కొండవైపు తిప్పుకుంది. తప్పు జవాబిచ్చానని ఆరిన్‌కు అప్పుడే తెలిసింది. ఒప్పు జవాబు ఏమిటో మాత్రం తోచలేదు.

అక్కణ్ణించి వెళ్లి టౌన్‌హాల్లో విచారణ మళ్లీ మొదలుపెట్టేసరికి కుర్చీలన్నీ నిండాయి. లిడియా ముప్ఫై ఏళ్లు స్కూలు బస్సు నడిపింది. ఆ బస్సు ఎక్కనివాడు ఊళ్లో లేడు. కాఫీ పాత్ర దగ్గర డోనట్లు పెట్టారు గానీ ఎవరూ ముట్టలేదు.

ఒక్కొక్కరే లేచారు. మంచు తుపానులో ఆమె బస్సు దిగి చివరి పిల్లను భుజాన వేసుకుని ఇంటికి చేర్చిందని ఒకాయన చెప్పాడు. బస్సులో కొట్టుకున్నందుకు తనని దింపి, మైలు దూరం నడిపించి, తాను మాత్రం వెనకే మెల్లగా బస్సు నడుపుకుంటూ వచ్చిందని ఇంకొకడు చెప్పాడు. అందరూ నవ్వారు.

"ధన్యవాదాలు," అనేది హెస్టర్ ప్రతిసారీ. "అది బోర్డు ముందున్న విషయం కాదు."

పోస్టాఫీసు వెర్నా స్టిక్నీకి ఒళ్లు మండింది. "బోర్డు ముందు లేకపోతే ఎవరి ముందుంది హెస్టర్? నీ పిల్లలు ముగ్గురూ ఆ బస్సులో పెరిగినవాళ్లే!"

"మేడమ్ ఛైర్ అనాలి, వెర్నా."

"నిన్న స్టాంపులకొచ్చినప్పుడు హెస్టర్‌వే కదా?"

"అది నీ కిటికీ. ఇది నా బల్ల. కూర్చో."

వెర్నా కూర్చుంది. హెస్టర్ పెన్ను కొసను వేళ్లతో గట్టిగా నొక్కుతోంది. గోళ్లు తెల్లబడ్డాయి. ఆరిన్ అది చూశాడు. ఈ మంచి మాటలన్నీ పేర్చినకొద్దీ తన గది దూరమవుతోందని అర్థమైంది. పెల్ తన కాగితం మీద ఇంటి వెనక భాగం గీసి, అక్కడ ఒక నలుచదరం పెట్టుకుని కూర్చున్నాడు.

"ఇంకెవరైనా? హద్దు పక్కవాళ్లు?"

వెనక కుర్చీ కిర్రుమంది. కాజ్ బోరెక్ లేచాడు. టోపీ చేతిలోకి తీసుకున్నాడు.

హాలు సద్దుమణిగింది. కాజ్‌కూ ఆరిన్‌కూ మధ్య సంగతి తెలియనిది పెల్‌కు ఒక్కడికే. ఏళ్ల కిందట కాజ్ ఎండుగడ్డి ట్రక్కు వెనక్కి తీస్తుంటే, దాని నీడలో పడుకున్న ఆరిన్ కుక్క టిల్లీ చక్రం కింద పడింది. కాజ్ దాన్ని రెండు చేతుల మీదా మోసుకొచ్చి తలుపు కొట్టాడు. ఆరిన్ కుక్కను అందుకున్నాడు, తలుపు వేసుకున్నాడు. అంతే. ఆ తర్వాత ఒకే రోడ్డు, ఒకే రాతి గోడ, ఒకే పోస్టు డబ్బాల వరస, మాట మాత్రం లేదు. కాజ్ భార్య పోయినప్పుడు లిడియా ఒక్కతే ఆపిల్ పై పట్టుకుని గోడ దాటి వెళ్లింది.

"మేడమ్ ఛైర్," అన్నాడు కాజ్. "మిస్టర్ టటిల్‌ని ఒక మాట అడగాలి."

"నన్నడగండి. నేను ఆయన్ని అడుగుతాను. ఇక్కడ పద్ధతి అది."

"మాకదే బాగుంటుంది."

ఎవరో కిసుక్కుమన్నారు. హెస్టర్ చూసింది. నవ్వు ఆగిపోయింది.

"తన కుక్కని ఎక్కడ పాతిపెట్టాడో అడగండి."

ఆరిన్ మెడ చెవుల దాకా ఎర్రబడింది. వెర్నా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మిస్టర్ బోరెక్, మనం కుక్క గురించి కూర్చోలేదు."

"కుక్క గురించే. అడగండమ్మా."

హెస్టర్ ఒక క్షణం కాజ్ మొహం వంక చూసింది. ఆ మొహంలో వెటకారం లేదు.

"మిస్టర్ టటిల్. మీ కుక్కను ఎక్కడ పాతిపెట్టారు?"

ఆరిన్ లేచాడు. ముందు కుర్చీ వీపు పట్టుకున్నాడు. "పై మేత బీడులో. వాగవతల."

"అంత దూరం ఎందుకు పోయాడో అడగండి," అన్నాడు కాజ్. "ఆ కుక్క ఎప్పుడూ వంటింటి కిటికీ కిందే పడుకునేది. మిసెస్ టటిల్ కూడా అక్కడే పెట్టమంది. నేను గోడ అవతల ఉన్నా. నాకు వినబడింది."

"ఎందుకు మిస్టర్ టటిల్?"

ఆ సాయంత్రాన్ని ఆరిన్ ఎప్పుడూ తిరగేసి చూసుకోలేదు. ఇప్పుడు చూశాడు. దుప్పట్లో చుట్టిన కుక్క, చేతిలో పార, కిటికీలో లిడియా. పార దించితే ఖంగున మోగడం. పక్కకు జరిగి దించితే మళ్లీ అదే. గోడ దాకా పోయి, అక్కడా అదే. ఆఖరుకు తోపుడు బండిలో పెట్టుకుని వాగు దాటడం.

"పార దిగలేదు," అన్నాడు.

"ఎందుకు దిగలేదో అడగండి."

"బండ!" అన్నాడు ఆరిన్. హెస్టర్‌తో కాదు, తల తిప్పి కాజ్‌తోనే. "ఇంటి వెనకంతా పరుపుబండే కాజ్. గడ్డి కింద జానెడు మట్టి. ఎక్కడ పొడిచినా బండే. పియోనీలకి వాళ్లమ్మ వాగు నుంచి మట్టి మోయించి పోయించింది. నీకు తెలుసుగా?"

"నాతో చెప్పండి మిస్టర్ టటిల్," అంది హెస్టర్. ఆ గొంతులో గద్దింపు లేదు.

"వెనకంతా బండే, మేడమ్ ఛైర్. తవ్వడానికి లేదు."

"ఈ మాట ఇందాక ఎందుకు చెప్పలేదు?"

ఆరిన్ ఆలోచించాడు. "ఎవరూ నేల గురించి అడగలేదు అనుకున్నా. లిడియా గురించే అనుకున్నా."

కాజ్ ఇంకా నిలబడే ఉన్నాడు. టోపీ అంచు పట్టుకుని తిప్పుతున్నాడు. "ఆ రోజు గోడ అవతల నిలబడి ఆ చప్పుడు విన్నా. ఎక్కడెక్కడ మోగిందో అన్నీ విన్నా. వచ్చి పార అందుకుందామనుకున్నా. మొహం చెల్లలేదు." టోపీ తిప్పడం ఆపాడు. "నా వైపు నుంచి గదికి అడ్డం లేదు. అంతే."

కూర్చున్నాడు. కుర్చీ మళ్లీ కిర్రుమంది.

పెల్ తన కాగితం మీది నలుచదరం వంక చూసుకున్నాడు. "మేడమ్ ఛైర్, పైనుంచి చూస్తే పచ్చికే కనబడింది. నేను ఆ మట్టి కింద చూడాలి."

"నేనూ చూడాలి." హెస్టర్ పుస్తకం మూసింది. "విచారణ ముగియలేదు. టటిల్ పెరట్లోకి మారుస్తున్నా. రావాల్సినవాళ్లు రండి. వెర్నా, తలుపు మీద కాగితం అంటించు, ఆలస్యంగా వచ్చినవాళ్లు మనం పారిపోయామనుకోకుండా."

"అలాగే, మేడమ్ ఛైర్," అంది వెర్నా, సాగదీసి.

రోడ్డు వెంట బళ్ల వరస సాగింది. బెన్వా తన ట్రక్కులోంచి గడ్డపార తీశాడు. ఊరంతా రాతి గోడ వెంట నిలబడింది. పైనుంచి రాలేది ఇప్పుడు నిజంగానే మంచులా ఉంది.

బెన్వా కిటికీకి నాలుగడుగుల దూరంలో గడ్డపార ఎత్తి దించాడు. ఖంగుమంది. పక్కకు జరిగాడు. మళ్లీ ఖంగు. పెరటి మధ్యలో, మూలన, గోడ దగ్గర, అంతటా అదే. ఆ చప్పుడు కొండకు తగిలి తిరిగొస్తోంది. పెల్ ముందుకొచ్చి గడ్డపార తానే తీసుకున్నాడు. తనకు నచ్చిన చోట దించాడు. మోచేతుల దాకా అదురు పాకింది కాబోలు, పళ్లు బిగించాడు. పియోనీల పక్కన కొంచెం దిగి మోగింది.

"ఇప్పుడు తూర్పు పక్క," అంది హెస్టర్.

మేకుల దగ్గర బెన్వా అదే బలంతో పోటు వేశాడు. గడ్డపార సగం దాకా మెత్తగా దిగిపోయింది. దానితో పాటు బెన్వా ముందుకు తూలి మోకాలి మీద పడ్డాడు. ఊరు గొల్లున నవ్వింది. ఈసారి హెస్టర్ ఎవరి వంకా చూడలేదు.

పెల్ చేతులు దులుపుకున్నాడు. "వెనక కట్టాలంటే మందుపెట్టి పేల్చాలి. పేలిస్తే పాత ఇల్లు నిలవదు. పునాది దిగే నేల ఈ తూర్పు పక్క ఒక్కటే. నాకు సందేహం లేదు."

"ఎవరు ప్రతిపాదిస్తారు?"

బెన్వా మోకాలి మీది మట్టి తుడుచుకుంటున్నాడు. ఆ రోజు ఆయన నోరు తెరిచింది అప్పుడే. "నేను. కష్టం నేలదే. నాకు తగిలింది కూడా."

"ఓటు. మిస్టర్ బెన్వా?"

"సరే."

"మిస్టర్ పెల్?"

"సరే."

హెస్టర్ పుస్తకం తెరిచింది. మంచు అక్షరాల మీద పడుతుంటే అరచేత్తో కప్పి చదివింది. "ఈ నేల స్వభావం వల్ల, ఇక్కడి బండ వల్ల, నిబంధనను ఉన్నదున్నట్టు అమలు చేస్తే యజమానికి కష్టం కలుగుతుందని..." దగ్గింది. "నేనూ సరే. మినహాయింపు ఇచ్చాం."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ ఊరికి ఆ అలవాటు లేదు. టోపీలు సర్దుకున్నారు. ఒకాయన ఆరిన్ భుజాన్ని కొట్టి, "ఇక చలి ముదురుతుంది," అని వెళ్లిపోయాడు. వెర్నా ఏడుస్తూ ముక్కు చీదుకుంది. ఆరిన్ వరండా మెట్టు మీద కూర్చున్నాడు. నోటి ముందు తెల్లటి ఆవిరి వచ్చి వచ్చి పోతోంది.

హెస్టర్ వచ్చి ఆయన ముందు నిలబడింది. "ఇంకా ఇరవై రోజులు ఆగాలి ఆరిన్. కోర్టుకు పోదలచుకున్నవాళ్లు పోవడానికి గడువు. అది దాటాకే పని మొదలు." ఆమె కళ్లు గోడ దగ్గర నిలబడ్డ కాజ్ మీదికి పోయాయి. "పోతే గీతే పోయేది ఒక్కడే."

"కోర్టుకు పోవాలంటే మంచి చొక్కా వేసుకోవాలి," అన్నాడు కాజ్. "నాకు లేదు."

"ఇరవై రోజులకు నేల గడ్డకడుతుంది," అన్నాడు ఆరిన్.

కాజ్ మేకుల దాకా నడిచొచ్చి ఆ చోటును ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. "నా కొట్టంలో తడిసిన ఎండుగడ్డి ఉంది. ఆవులు ముట్టవు. మూరెడు మందాన పరిచి పైన పట్టా కప్పితే క్రిస్మస్ దాకా ఇక్కడ నేల మెత్తగానే ఉంటుంది." హెస్టర్ వైపు తిరిగాడు. "గడ్డి పరచడానికి అనుమతి కావాలా, మేడమ్ ఛైర్?"

"గడ్డికి అక్కర్లేదు," అంది హెస్టర్. "విచారణ అయిపోయింది. హెస్టర్ అను."

మధ్యాహ్నమంతా ఇద్దరూ గడ్డి మోశారు. అదే ట్రక్కు. కాజ్ వెనక్కి తీసేముందు దిగి, ట్రక్కు చుట్టూ ఒకసారి నడిచి, చక్రాల కిందికి వంగి చూసి మళ్లీ ఎక్కాడు. ప్రతి మోపుకూ అలాగే చేశాడు. ఆరిన్ చూశాడు, మోపు అందుకున్నాడు. పట్టా కప్పి నాలుగు మూలలా రాళ్లు పెట్టారు.

"నేను లిడియా దగ్గరికి పోవాలి," అన్నాడు ఆరిన్.

కాజ్ తన ఇంట్లోకి పోయి, పొయ్యి మీద వేడి చేసి తువ్వాలు చుట్టిన గిన్నె పట్టుకొచ్చాడు. అడక్కుండానే ఆరిన్ బండిలో ఎక్కి కూర్చుని దాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు. దారంతా బండిలో క్యాబేజీ, టమాటా వాసన.

లిడియా కిటికీ పక్కన చక్రాల కుర్చీలో ఉంది. ఆరిన్ ముందు పోయి ఆమె పక్కన వంగాడు.

"సరే అన్నారు," అన్నాడు. "ముగ్గురూ."

ఆమె ఎడమ చెయ్యి ఆయన చేతి మీదికి వచ్చింది. కోటు చేతికి పట్టుకున్న గడ్డిపోచ ఒకటి తీసి దాని వంక చూసింది. అప్పుడు గుమ్మంలో నిలబడ్డ కాజ్‌ను చూసింది. కాజ్ కోటు నిండా అదే గడ్డి. ఆమె వాళ్లిద్దరినీ ఒకసారి, మళ్లీ ఒకసారి చూసింది. మొహం బాగున్న వైపు మెల్లగా నవ్వింది. ఎడమ చేత్తో ఎదురు కుర్చీ చూపించింది.

కాజ్ తువ్వాలు విప్పాడు. క్యాబేజీ ఆకుల్లో మాంసమూ అన్నమూ పెట్టి చుట్టినవి, ఆయన భార్య చేసినట్టే టమాటా పులుసులో ఉడికించినవి. ఆవిరి ఇంకా వస్తోంది. ఆరిన్ ఒకటి చిన్న ముక్కలుగా కోసి లిడియా పళ్లెంలో పెట్టాడు. స్పూను ఆమె ఎడమ చేతికిచ్చాడు. కిటికీ బయట మంచు ఇప్పుడు నిమ్మళంగా, తెల్లగా పడుతోంది. ముగ్గురూ పళ్లేల మీదికి వంగి, గిన్నె అడుగు కనబడేదాకా తిన్నారు.